రెండో అరుగు: చిన్న కాలేజీ ఎంపికపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

మా ప్రాంతంలో ‘కౌన్సెలింగ్’ అనగానే ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల పరిశీలన, సీటు కేటాయింపు గుర్తుకు వస్తాయి. నేను పిల్లలతో మాట్లాడి దారి చూపే కౌన్సెలర్‌ని. విజయవాడ సూర్యారావుపేటలోని నా గదికి వేసవిలో వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఆ పని మీదే వస్తారు. ఈ కేసులోని తల్లి కూడా ఫైలు పట్టుకునే వచ్చారు. ఆమె వెనక కూతురు. ఫైలు బల్ల మీద పెట్టి, “రెండు కాలేజీలు అనుకున్నామండి. ఏది మంచిదో మీరే చెప్పండి. ఆప్షన్లు పెట్టడానికి ఇంక ఐదు రోజులే ఉంది” అన్నారు.

అమ్మాయికి 18 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివింది, మంచి మార్కులు వచ్చాయి, డిగ్రీలో సైన్సు చదవాలనుకుంటోంది. ఒక కాలేజీ గుంటూరులో ఉంది. అన్ని సంవత్సరాలూ కలిపితే సుమారు 300 మంది, ఆమె మేజర్‌లో, అంటే ప్రధాన సబ్జెక్టులో, ఏడాదికి 40 మంది. రెండోది విజయవాడలో, 4,000 మందికి పైగా చదివే కాలేజీ. ఊరు, కోర్సు, గుర్తుపట్టే ఇతర వివరాలు మార్చి రాస్తున్నాను. తల్లీకూతుళ్లు ఇద్దరూ చదివి, సరేనన్నాకే బయట పెడుతున్నాను.

ముందుగా అధ్యాపకులు, ల్యాబులు, ఫీజు, ఫలితాలు చూశాం. చదువులో పెద్ద తేడా ఉంటే స్నేహాల ప్రశ్న వెనక్కి వెళ్లాలని నా నియమం. ఇక్కడ అంత తేడా లేదు. ఇక మిగిలింది, ఈ అమ్మాయి ఏ చోట మనుషుల్లో కలుస్తుంది అన్నదే.

తల్లి అభిప్రాయం స్పష్టంగా ఉంది. “మా అమ్మాయి నెమ్మదస్తురాలండి. చిన్న కాలేజీ అయితే అందరూ కనిపెట్టుకుని ఉంటారు.” కూతురిని అడిగితే, “నాకు ఏదైనా పర్వాలేదు” అంది. పద్దెనిమిదేళ్ల పిల్ల తన రాబోయే సంవత్సరాల గురించి ఆ మాట అంటే, చెప్పలేనిది ఏదో ఉందని నేను అనుకుంటాను. మర్నాడు ఒక్కదాన్నే రమ్మన్నాను.

అసలు సమస్య

మర్నాడు చెప్పింది. ఇంటర్ రెండో సంవత్సరంలో హాస్టల్ గదిలో ఎనిమిది మంది ఉండేవారు. ఎవరో దాచుకున్న ఫోను సంగతి వార్డెన్‌కు తెలిసింది. చెప్పింది ఈ అమ్మాయేనని గదిలోవాళ్లు నమ్మారు. ఆమె చెప్పలేదు. ఆ రోజు నుంచి గదిలో మాటలు లేవు. గదిలోవాళ్లే సెక్షన్‌లోనూ పక్కన కూర్చునేవారు, స్టడీ అవర్‌లోనూ వాళ్లే, మెస్‌లో బల్ల దగ్గరా వాళ్లే.

“పదకొండు రోజులు రాత్రి భోజనానికి వెళ్లలేదు మేడం. ఆకలి లేక కాదు. పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక.”

ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఇప్పుడు నిద్ర ఎలా ఉంది, సరిగా తింటోందా, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని నేరుగా అడిగాను. ఇలాంటిది చుట్టు తిప్పి అడగకూడదు. అప్పట్లో ఏడుపు, నిద్రలేమి ఉండేవి. ప్రాణం తీసుకోవాలన్న తలంపు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ మాట నమ్మదగ్గదిగా తోచాకే కాలేజీ ప్రశ్నకు వచ్చాను. తల్లికి ఏం చెప్పవచ్చని అడిగితే, గొడవ జరిగిందని చెప్పండి, భోజనం సంగతి వద్దు అంది. అంతవరకే చెప్పాను.

వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, “చిన్న కాలేజీ అంటే మళ్లీ అదే కదా మేడం?” అని అడిగింది.

నా మనసులో వెంటనే వచ్చిన జవాబు “అవును, పెద్ద కాలేజీకి వెళ్లు” అన్నదే. ఏళ్ల తరబడి నా దగ్గర ఒక లెక్క ఉండేది: బిడియం ఉన్న పిల్లలకు చిన్న కాలేజీ, చొరవ ఉన్నవాళ్లకు పెద్దది, చిన్నచోట దెబ్బ తిన్నవాళ్లకు కూడా పెద్దదే. ఆ రాత్రి నోట్సు తిరిగి చదువుతుంటే ఒక అంకె దగ్గర ఆగిపోయాను. ఆమె చదివిన ఆ రెసిడెన్షియల్ క్యాంపస్‌లో వెయ్యి మందికి పైగా అమ్మాయిలు ఉండేవారు. అది చిన్న చోటు ఎలా అవుతుంది? అక్కడ ఆమెకు తెలిసిన లోకం ఎనిమిది మంది గది, అరవై మంది సెక్షన్. మిగతా తొమ్మిది వందల మంది గోడకు అవతల ఉన్నట్టే లెక్క. ఈ కేసులో నాకు మలుపు అదే.

చేసిన ప్రయత్నాలు, పనికిరానివి

మలుపు కనిపించినా, చేయవలసింది ఏమిటో వెంటనే తేలలేదు. అలవాటు కొద్దీ ముందు పట్టిక వేయించాను. పది అంశాలు, ఒక్కోదానికి ప్రాధాన్యం, ఒక్కో కాలేజీకి మార్కులు. చిన్న కాలేజీకి ఎక్కువ వచ్చాయి. కాగితం నిండా రబ్బరుతో చెరిపిన గుర్తులు ఉన్నాయి. అడిగితే, “అమ్మ చూస్తే బాగుండేలా సర్దాను మేడం” అని ఒప్పుకుంది. తప్పు నాది. పైకి చెప్పుకోగలిగిన విషయాలనే పట్టిక తూచగలదు. ‘గొడవైతే ఎక్కడికి వెళ్లాలి’ అన్న వరుస అందులో నేను పెట్టలేదు, ఆమె పెట్టలేదు.

తరువాత తల్లీకూతుళ్లను గుంటూరు కాలేజీ చూసి రమ్మన్నాను. ముందుగా ఫోను చేసి వెళ్లారు. ప్రిన్సిపాల్ ఎంతో ఆదరంగా మాట్లాడారు, ల్యాబులన్నీ చూపించారు, మాట్లాడటానికి ఒక సీనియర్ విద్యార్థినిని కూడా పిలిపించారు. ఆ అమ్మాయి, “ఇక్కడ అందరం ఒకే కుటుంబంలా ఉంటాం” అంది. తల్లికి కొండంత ధైర్యం వచ్చింది. కూతురికి ఉన్న ధైర్యం కాస్తా పోయింది. “కుటుంబంలో కోపాలొస్తే ఎక్కడికి వెళ్తారు మేడం?” అని నన్ను అడిగింది.

ఆ ప్రశ్న నేను నోట్సులో అడుగున గీత గీసి రాసుకున్నాను. చెప్పి వెళ్తే ఏ కాలేజీ అయినా తన ముందు గదినే చూపిస్తుంది. అందులో మోసం లేదు, మన ఇంటికి చుట్టాలొస్తే మనమూ అంతే చేస్తాం. మనకు కావలసింది పెరటి సంగతి.

పనికొచ్చింది

మూడు రోజులు మిగిలాయి. ఈసారి చెప్పకుండా, మామూలు అడ్మిషన్ల వాకబుకు వచ్చినవాళ్లలా రెండు కాలేజీలకూ వెళ్లమన్నాను. వేళలు నేనే నిర్ణయించాను: మధ్యాహ్నం భోజనాల వేళ, సాయంత్రం కాలేజీ వదిలే వేళ. క్యారేజీ పట్టుకెళ్లి అక్కడే తినమన్నాను. ఎవరు ఎవరితో తింటున్నారు, ఒంటరిగా ఉన్నవాళ్లను మిగతావాళ్లు ఎలా చూస్తున్నారు, చివరి గంట కొట్టిన అరగంటకు ఎంతమంది మిగిలారు అన్నవి చూడాలి. ఎదురైన ఐదుగురిని ఒక ప్రశ్న అడగాలి: “అక్కా, మీ సెక్షన్‌లో నీ స్నేహితులతో మాటలు లేకపోతే ఆ రోజు ఎవరితో తింటావు?”

‘మీ కాలేజీ బాగుంటుందా’ అంటే ఎవరైనా బాగుంటుందనే అంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒక మనిషి పేరో, ఒక చోటో గుర్తుకు రావాలి. రాకపోతే ఆ తడబాటే జవాబు.

విజయవాడ కాలేజీలో వరండాలు కిటకిటలాడుతున్నాయి, కానీ భోజనాలు ఎవరి తరగతి గదిలో వారివే, ఎవరి బెంచీ మీద వారివే. ల్యాబ్ బ్యాచ్‌లు రోల్ నంబర్ల వరుసలో వేశారు, చివరి దాకా అవే ఉంటాయట. సెక్షన్ బయట ఎంతమంది తెలుసని అడిగితే రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు ఆలోచించి, “బస్సులో ఇద్దరు” అంది. నాటకం, సంగీతం, ఎన్‌సీసీ ఉన్నాయి. అందులో చేరినవాళ్ల లోకం నిజంగా పెద్దదే, వాళ్ల మాటల్లోనే ఆ ఉత్సాహం తెలిసిందట. అయితే చాలావాటికి ఎంపిక పోటీలు దాటాలి. సాయంత్రం కాలేజీ బస్సులు వరుసగా కదిలాక, హాస్టల్ పిల్లలు, ఆటగాళ్లు తప్ప మైదానం ఖాళీ.

గుంటూరు కాలేజీలో విడిగా భోజనశాల లేదు. అందరూ వేపచెట్ల కింద, వరండా మెట్ల మీద కూర్చున్నారు. ఒక అమ్మాయి ఒంటరిగా పుస్తకం చదువుకుంటూ తింటోంది, ఎవరూ ఆమెను వింతగా చూడలేదు. కాసేపటికి ఇద్దరు వచ్చి పక్కన కూర్చున్నారు. నా ప్రశ్నకు మూడో సంవత్సరం విద్యార్థిని ఒకరు తడుముకోకుండా, “నిరుడు మా బ్యాచ్‌తో పడక మూడు నెలలు మైక్రోబయాలజీ వాళ్లతో తిన్నాను” అంది. మరొకరు ఇంకో నిజం చెప్పారు: “ఇక్కడ పొద్దున ఏదైనా జరిగితే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.” అమ్మాయి రెండు మాటలూ పుస్తకంలో రాసుకుని వచ్చింది. ఒకటే రాసుకుని ఉంటే నేను అనుమానించేదాన్ని.

ఈ తేడాకు ఒక పాత వివరణ ఉంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో రోజర్ బార్కర్, పాల్ గంప్ హైస్కూళ్లను పరిశీలించి 1964లో ఫలితాలు వెలువరించారు. పెద్ద బడుల్లో కార్యక్రమాలు ఎక్కువే. కానీ చిన్న బడిలో ఒక్కో పిల్లకు దక్కే పాత్రలు, బాధ్యతలు ఎక్కువ. నలుగురే ఉన్నచోట ఐదో మనిషి అవసరం. పెద్దచోట ఆ ఐదో మనిషి చప్పట్లు కొట్టే గుంపులో ఉండిపోతుంది. బిడియం ఉన్న మనిషి తానుగా వెళ్లి కలవలేదు, పిలిస్తే వెళ్తుంది. చిన్నచోట పిలుపు వస్తుంది. అయితే ఆ పిలుపును కాదనడం కూడా అక్కడ కష్టం, అది గుర్తుంచుకోవాలి.

ఇక రెండో లెక్క కాలానిది. 2018లో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ వెలువరించిన పరిశోధన ప్రకారం, పరిచయం మామూలు స్నేహం కావడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు కావాలి, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా. అమ్మాయితో కలిసి కాగితం మీద లెక్క వేశాను. పాఠం వింటున్న గంటలు తీసేస్తే డే స్కాలర్‌కు రోజుకు భోజన విరామం, చిన్న విరామం కలిపి గంట మిగులుతుంది. సెమిస్టరుకు 90 పనిదినాలు అనుకుంటే 90 గంటలు, అదీ రోజూ అదే మనుషులతో కూర్చుంటే. దగ్గరి స్నేహం రెండు సెమిస్టర్లు దాటాక గానీ రాదు. హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా అయితే వారానికి 28 గంటలు, రెండు నెలలు తిరగకుండానే 200. హాస్టల్లో స్నేహాలు అంత త్వరగా ఎందుకు కుదురుతాయో, చెడితే అంత ఊపిరాడకుండా ఎందుకు ఉంటుందో ఆ అమ్మాయికి ఆ కాగితం మీదే అర్థమైంది. “అంటే నాలో లోపం లేదా మేడం?” అంది. ఆ మాటకు నేను సిద్ధంగా లేను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

నిర్ణయం

అప్పుడు ‘రెండో అరుగు’ అన్న మాట వాడాను. పాత వీధుల్లో ఇంటింటికీ అరుగు ఉండేది. ఒక అరుగు మీద మాటపట్టింపు వస్తే మనిషి లేచి వెళ్లి ఇంకో అరుగు మీద కూర్చునేవాడు. వీధి విడిచి పోనక్కర్లేదు. కాలేజీ బలం 300 అయినా 4,000 అయినా, ఈ అమ్మాయికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అరుగులు దొరుకుతాయా అన్నదే ఇద్దరం చూడవలసింది.

గుంటూరు కాలేజీలో పగలు ఆ వీలు కనిపించింది. ముప్పు హాస్టల్లో ఉంది. కాలేజీ హాస్టల్లో ఉన్న 60 మందీ ఆ కాలేజీ వాళ్లే. పగలు గొడవైతే రాత్రి మెస్‌లో మళ్లీ అవే ముఖాలు. విజయవాడ కాలేజీకి గుంటూరు నుంచి రోజూ రైల్లో వెళ్లే దారి కూడా ఆలోచించాం. ఒక్కో వైపు 30 కిలోమీటర్ల పైచిలుకు. స్నేహానికి కావలసిన సాయంత్రాలను ఆ ప్రయాణమే తినేస్తుందని వదిలేశాం. విజయవాడలోనే హాస్టల్లో ఉండి నాటకంలోనో ఎన్‌సీసీలోనో చేరడం మరో దారి. ఎంపికలో నెగ్గకపోతే ఏమిటన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు, నేనూ దాన్ని జూదంగానే చూశాను.

చివరికి కుదిరింది ఇది: చదువు గుంటూరు చిన్న కాలేజీలో, బస బ్రాడీపేటలోని ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో. అక్కడ వేర్వేరు కాలేజీల పిల్లలు, ఉద్యోగాలు చేసేవాళ్లు కలిసి ఉంటారు. కాలేజీలో ఏం జరిగినా అక్కడివాళ్లకు తెలియదు, అక్కడి సంగతి కాలేజీకి తెలియదు.

తల్లికి ఇది నచ్చలేదు. కాలేజీ హాస్టల్ ఉండగా బయట ఎందుకు అన్నారు. తండ్రి ఫోనులో ఖర్చు సంగతి అడిగారు. వాళ్ల భయం సబబైనదే కాబట్టి వాదించలేదు. ఆ హాస్టల్‌కు వెళ్లి వార్డెన్‌తో మాట్లాడి, గేటు వేళలు, నీళ్లు, తిండి చూసి రమ్మన్నాను. ఆ ముందు రోజు రాత్రి అమ్మాయే తల్లికి ఆ పదకొండు రోజుల సంగతి చెప్పేసింది. తల్లి నాకు ఫోను చేసి ఒక్క మాటే అన్నారు: “ఒక సెమిస్టరు చూద్దామండి.”

చేరిన తరువాత

ఇక్కడ నేను మళ్లీ ఒక తప్పు చేశాను. రోజుకొక కొత్త మనిషితో మాట్లాడాలని లక్ష్యం పెట్టాను. రెండు వారాలకు అలసిపోయింది. “పరీక్షకు వెళ్తున్నట్టుంది మేడం” అంది. బిడియం ఉన్న మనిషికి మాట కలపడమే కష్టమైతే, మాట కలిపే సందర్భం ఇంకెక్కడి నుంచో రావాలి. కాలేజీలో ఏ పనికి మనిషి కావాలో చూడమన్నాను. ఆటల గది తాళం, షటిల్ బ్యాట్లు, నెట్ చూసుకునేవాళ్లు లేక ఆ గది వారానికి మూడు రోజులు మూతపడే ఉంటోంది. ఆ పని అడిగి తీసుకుంది. ఆమె ఎవరి దగ్గరికీ వెళ్లనక్కర్లేదు, తాళం కోసం అన్ని సంవత్సరాల వాళ్లూ ఆమె దగ్గరికే వస్తారు. నెల తిరిగేసరికి ఆమెకు తెలిసిన పేర్లు నలభై దాటాయి.

మూడో నెలలో గొడవ రానే వచ్చింది. తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో మీద మాటలు పెరిగి, సగం మంది ఆమెతో మాట్లాడటం మానేశారు. సాయంత్రానికి కాలేజీ అంతటికీ తెలిసిపోయింది, ఆ సీనియర్ ముందే చెప్పినట్టు. ఆ రాత్రి నాకు ఫోను చేసింది. గొంతులో ఏడుపు ఉంది. ఏం జరిగిందో చెప్పాక, నేను అడగకముందే, “మధ్యాహ్నం షటిల్ ఆడే అక్కలతో తిన్నాను మేడం. ఇప్పుడు హాస్టల్లో కూడా తినేశాను, ఉప్మా” అంది. మూడు వారాలకు ఆ మాటలు సద్దుమణిగాయి. ఇద్దరు మాత్రం ఇప్పటికీ దూరంగానే ఉన్నారు.

ఈ కేసు నాకు నేర్పినవి

బిడియానికి చిన్న కాలేజీ అనే నా పాత లెక్కను వదిలేశాను. ఇప్పుడు బలం ఎంత అని అడగను. సెక్షన్ దాటించే ద్వారాలు ఎన్ని, సాయంత్రం ఎవరు మిగులుతారు, బస, చదువు ఒకే మనుషుల మధ్యనా అని అడుగుతాను. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అనే పద్ధతి వచ్చింది. అందుకే మైనర్ తరగతిలో ఎవరెవరిని కలిపి కూర్చోబెడతారని కూడా కాలేజీలో వాకబు చేయమంటున్నాను. అది కూడా ఒక ద్వారమే.

చిన్న కాలేజీ అందరికీ సరిపడదు. అరుదైన ఆసక్తి ఉన్నవాళ్ల లెక్క వేరు. నూటికి ఇద్దరికి మాత్రమే ఉండే ఇష్టం అనుకుంటే, 300 మందిలో ఆరుగురు దొరుకుతారు, 4,000 మందిలో 80 మంది. ఆ ఆరుగురిలో ముగ్గురు మన ఈడు కాకపోవచ్చు, ఇద్దరితో పడకపోవచ్చు. పాత పేరును, పాత కథను వదిలించుకుని ఎవరికీ తెలియకుండా కొంతకాలం బతకాలనుకునే పిల్లలకూ చిన్నచోటు కష్టమే. తరువాతి ఏడాది నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి సరిగ్గా ఇదే కారణంతో పెద్ద కాలేజీ వైపు మొగ్గాం.

భోజనం గురించి మొదటి రోజే అడగవలసింది. హాస్టల్లో ఉండి వచ్చిన పిల్లల ఒంటరితనం మాటల్లోకంటే ముందు మెస్ బల్ల దగ్గర బయటపడుతుంది. ఇప్పుడు ‘ఎవరితో తినేదానివి’ అన్నదే నా మొదటి ప్రశ్న. బాధ్యత భారమవుతుందని కూడా ముందే హెచ్చరించాల్సింది. సెమిస్టర్ పరీక్షల ముందు కూడా ఉదయం ఏడింటికి ఆ గది తెరవమని వచ్చేవాళ్లను కాదనలేక ఆ అమ్మాయి చాలా సతమతమైంది. వద్దు అని చెప్పడం మీద రెండు సమావేశాలు పెట్టుకున్నాం. ఇంకా పూర్తిగా రాలేదు.

రెండో సెమిస్టరు చివర కలిసినప్పుడు, కాలేజీ హాస్టల్‌కు మారతావా అని తల్లి ముందే అడిగాను. తల్లే వద్దన్నారు. అమ్మాయి బెంగ వేరే ఉంది: మధ్యాహ్నం తనతో తినే అక్కల్లో ముగ్గురు ఈ ఏడాదితో చదువు ముగించి వెళ్లిపోతున్నారు. జూన్‌లో వచ్చే కొత్త పిల్లల్లో ఆటల గది రెండో తాళం ఎవరికి ఇవ్వాలో చూసుకుంటానంది.